ఆదివారం ఆరాధనలో ఎవరు ఎవరితో మాట్లాడతారు?

తెలుగు క్రైస్తవుల్లో ఎప్పటి నుంచో నలిగే వాదన ఒకటుంది. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్, కతోలిక సంఘాలవాళ్లది పుస్తకం చూసి చదివే ఆరాధన అనీ, అందులో జీవం ఉండదనీ, ఈ పాత మిషన్లకు చెందని స్వతంత్ర సంఘాలవాళ్లు అంటుంటారు. వాళ్లది మైకుల హోరు తప్ప క్రమం, పద్ధతీ లేని ఆరాధన అని వీళ్లు అంటుంటారు. సంబంధాలు మాట్లాడుకునే దగ్గర కూడా ఈ గొడవ తలెత్తుతుంది. "మీది ఏ మిషను?" అని అడిగి, జవాబును బట్టి పెళ్లి ఎంతసేపు సాగుతుందో, ఎన్ని పాటలుంటాయో మనసులో లెక్కేసుకునే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

రెండు మాటలూ సగం తప్పే. "ఆత్మ ఎలా నడిపిస్తే అలా" అని చెప్పుకునే ఏ సంఘానికైనా వరసగా కొన్ని ఆదివారాలు వెళ్లి చూడండి. ప్రారంభ ప్రార్థన, రెండు మూడు పాటలు, స్తుతి ఆరాధన, సాక్ష్యాలు, కానుకల పాట, వాక్యం (అంటే ప్రసంగం), ముగింపు ప్రార్థన, దీవెన. కానుకల పాట వాక్యానికి ముందా తర్వాతా అన్న దగ్గర తేడా ఉండొచ్చు. మిగతాది గడియారం పెట్టి చెప్పేయొచ్చు. క్రమం అందరికీ ఉంది. కొందరు దాన్ని అచ్చు వేసుకున్నారు, కొందరు నోటికి పట్టించుకున్నారు.

మరి ఈ ఆరాధనను అర్థం చేసుకోవడం ఎలా? నాకు పనికొచ్చిన పద్ధతి ఒక్కటే. ఏ ఘట్టంలోనైనా "ఇప్పుడు ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు?" అని అడగడం. దేవుడు మనుషులతోనా, మనుషులు దేవుడితోనా, మనుషులు మనుషులతోనా? ఆ ప్రశ్న వేసుకుంటే ఎక్కడ లేవాలి, ఎక్కడ కూర్చోవాలి, ఏ మాట ఎందుకు ఆ రూపంలో ఉందన్నది చాలావరకు తేలిపోతుంది.

ముందు పాత ఎముకల సంగతి చూద్దాం. క్రీ.శ. 150 ప్రాంతంలో, క్రైస్తవుల మీద రకరకాల పుకార్లు నడుస్తున్న రోజుల్లో, జస్టిన్ అనే బోధకుడు రోమన్ చక్రవర్తికి ఒక విన్నపం రాసుకున్నాడు. మేం చేసేది రహస్య పూజ కాదు మహాప్రభో అని చెప్పడానికి, ఆదివారం నాడు ఏం జరుగుతుందో వివరించాడు. పట్టణాల్లో, పల్లెల్లో ఉన్నవాళ్లంతా ఒకచోట చేరతారు. అపొస్తలుల, అంటే క్రీస్తు తొలి శిష్యుల, జ్ఞాపకాలో ప్రవక్తల రాతలో సమయం ఉన్నంతసేపు చదువుతారు. తర్వాత సభకు పెద్దగా ఉన్నవాడు బోధిస్తాడు. అందరూ లేచి ప్రార్థన చేస్తారు. రొట్టె, ద్రాక్షారసం, నీళ్లు తెస్తారు. పెద్ద తన శక్తి కొద్దీ కృతజ్ఞతలు చెల్లిస్తాడు, జనం ఆమెన్ అంటారు. అందరూ పుచ్చుకున్నాక, రాలేనివాళ్లకు పరిచారకులు పట్టుకెళతారు. కలిగినవాళ్లు ఇచ్చినది అనాథలకు, విధవరాళ్లకు, రోగులకు, చెరసాలలో ఉన్నవాళ్లకు వెళుతుంది.

ఇవాళ మెదక్ కెథడ్రల్‌లో జరిగేదైనా, ఊరి చివర రేకుల షెడ్డులో జరిగేదైనా ఈ వరస మీదే నడుస్తుంది. ముందు వాక్యం, తర్వాత బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడం. ఇందులో "తన శక్తి కొద్దీ" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. వరస స్థిరంగా ఉంది, కానీ ప్రార్థనలో మాటలు ఆ పెద్ద నోటికి వచ్చినట్టు వచ్చాయి. అంటే పుస్తకంవాళ్లూ, పుస్తకం వద్దనేవాళ్లూ ఇద్దరూ జస్టిన్‌ను తమవాడే అనుకోవచ్చు.

పుస్తకం ఉన్న సంఘాల్లో మనకు దగ్గరి ఉదాహరణ సీఎస్ఐ. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్‌లో ఆంగ్లికన్, మెథడిస్ట్, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంప్రదాయాలవాళ్లు కలిసి ఒకే సంఘమయ్యారు. మన వైపు చూస్తే దోర్నకల్‌లో ఆంగ్లికన్లు, మెదక్‌లో మెథడిస్టులు, కడప వైపు లండన్ మిషన్‌వాళ్లు. కాగితం మీద కలిశారు సరే, ఆదివారం ఏం చదవాలి? ఎవరి పుస్తకం వాళ్లకు ముద్దు. అందుకే 1950లో ప్రభురాత్రి భోజనానికి, అంటే ఆ బల్ల ఆరాధనకు, కొత్త క్రమం ఒకటి తయారు చేశారు. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ప్రార్థనల పక్కన కేరళ సిరియన్ క్రైస్తవుల ఆరాధన నుంచి తీసుకున్న ముక్కలు చేర్చారు. గురువు బల్ల వెనక నిలబడి జనం వైపు తిరిగి ఆరాధన నడిపించే ఏర్పాటు కూడా అందులోనే ఉంది. అప్పటికి కతోలిక సంఘంలో గురువు జనానికి వీపు పెట్టి, లాటిన్‌లో పూజ చేస్తున్నాడు. కతోలిక బిషప్పుల రెండో వాటికన్ మహాసభ ఆరాధన గురించిన పత్రాన్ని వెలువరించింది 1963 డిసెంబరు 4న. తెలుగులో బలిపూజ వినబడింది ఆ తర్వాతే.

సీఎస్ఐ క్రమంలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం సమాధానం, అంటే శాంతి, ఇచ్చిపుచ్చుకోవడం. గురువు ముందు తనతో పరిచర్య చేసేవాళ్లకు ఇస్తాడు, వాళ్లు బల్ల దగ్గర నుంచి దిగి వచ్చి ఒక్కొక్క వరసలో మొదటివాళ్లకు ఇస్తారు. ఇచ్చేవాడు తన కుడి అరచేతిని అందుకునేవాడి కుడి అరచేతికి ఆనిస్తాడు. ఇద్దరూ ఎడమ చేతులతో ఎదుటివాళ్ల కుడిచేతిని మూస్తారు. ఆ చేతులు అలా చివరి బెంచీ దాకా పాకుతాయి. ఇది సిరియన్ పద్ధతి. ఇందులో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు? మనిషి మనిషితోనే, కానీ దేవుడి దగ్గర నుంచి తెచ్చింది ఇస్తూ. అంటరానితనం రాజ్యమేలిన ఊళ్లలో ఒకరి చేయి ఒకరు అలా పట్టుకోవడం చిన్న సంగతేమీ కాదు. కొన్నిచోట్ల ఇప్పుడిది దూరం నుంచి ఒక నమస్కారంగా, అటూ ఇటూ చూసి ఒక చిరునవ్వుగా తేలిపోయింది. నష్టమే.

ఇక జవాబులు. "మీ హృదయాలు పైకెత్తండి" అని గురువు అంటే "ప్రభువు వైపు ఎత్తుతున్నాం" అని జనం అనే సంభాషణ మూడో శతాబ్దంలోనే కార్తేజి బిషప్పు సిప్రియన్ రాతల్లో కనబడుతుంది. చదువు రాని ముసలివాళ్లు కూడా ఈ జవాబులు పుస్తకం తెరవకుండా చెప్పేస్తారు. యాంత్రికం అని ఎగతాళి చేసేవాళ్లు ఈ ఒక్కటి మర్చిపోతారు: వేదిక మీద ఎవరున్నా, వాళ్లకు ప్రసంగం వచ్చినా రాకపోయినా, జనం వంతు మాత్రం జనం దగ్గరే ఉంటుంది. మైకు లాక్కున్నంత మాత్రాన పోదు. లోపం కూడా ఉంది. పాపపు ఒప్పుకోలు చదివేటప్పుడు మనసులో మధ్యాహ్నం కూర గురించి ఆలోచన నడుస్తుంటుంది, నోరు మాత్రం దాని పని అది చేసుకుపోతుంది.

స్వతంత్ర సంఘాల సంగతి ఇంకా ఆసక్తికరం. అక్కడ క్రమాన్ని మోసేది పుస్తకం కాదు, ప్రార్థనలో వాడే తెలుగు. "ఒకరు ప్రార్థన చేయండి" అనగానే స్త్రీల వైపు నుంచి ఒక పెద్దామె కొంగు తల మీదికి లాక్కుని లేస్తుంది. "పరమ తండ్రీ, ప్రేమగల దేవా, గడచిన రాత్రంతా నీ రెక్కల చాటున మమ్మల్ని దాచి కాపాడి, ఈ దినమును చూచుటకు నీవిచ్చిన కృపను బట్టి నీకే స్తుతులు స్తోత్రములు చెల్లించుచున్నాము తండ్రీ" అని మొదలుపెడుతుంది. "మేము యోగ్యులము కాకపోయినను" అంటుంది. జబ్బుపడినవాళ్ల పేర్లు, పరీక్షలు రాసే పిల్లల పేర్లు, దుబాయిలో ఉన్న కొడుకు పేరు వరసగా చెబుతుంది. "యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమెన్" అని ముగిస్తుంది. బయటికొచ్చాక మనవరాలితో "చెప్పులేడ ఇడిసినవే?" అంటుంది.

ఈ ప్రార్థన ఎవరూ రాసివ్వలేదు. అయినా దానికి కట్టు ఉంది. ముందు పిలుపు, తర్వాత గడిచినదానికి కృతజ్ఞత, తన తక్కువతనం ఒప్పుకోవడం, అడగాల్సింది అడగడం, యేసు పేరు మీద ముగింపు. అచ్చువేసిన పుస్తకాల్లో ప్రార్థనలకూ కట్టు ఇంచుమించు ఇదే. రెక్కల చాటు అన్నది కీర్తనల గ్రంథంలోది. వినీ వినీ ఒంటబట్టింది. చిన్నప్పుడు కుటుంబ ప్రార్థనలో పక్కన కూర్చుని నేర్చుకున్నదే తప్ప, ఎవరూ కూర్చోబెట్టి చెప్పింది కాదు.

ఆ తెలుగు కూడా చూడండి. గిడుగు రామమూర్తి గారి వ్యావహారిక ఉద్యమం పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో గెలిచింది. "చేయుచున్నాము", "యుండును గాక" లాంటి రూపాలు ఇప్పుడు రోజువారీ రాతలో దాదాపు కనబడవు. కానీ పాత బైబిలు అనువాదం ఆ సగం గ్రాంథికంలోనే ఉండిపోయింది, సంఘం దాన్ని నోటితో మాట్లాడుతూ బతికించింది. విచిత్రమేమిటంటే, దాన్ని బతికించినవాళ్లలో ఎక్కువమంది ఏ బడి గడపా తొక్కనివ్వని మాల, మాదిగ పల్లెల జనం. ఒంగోలు ప్రాంతంలో 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మందికి గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మం ఇచ్చారు. అలా సంఘంలోకి వచ్చిన కుటుంబాల్లో ఎన్నో తరాలకు సంస్కృత సమాసాల తెలుగు చేరింది పంతులు గారి దగ్గర నుంచి కాదు, మోకాళ్ల మీద. అందుకే "జనానికి అర్థం కాని పాత భాష, మార్చేయండి" అనేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించను. చదివే బైబిలు తేలిక తెలుగులో ఉండటం మంచిదే. ఇప్పుడు అలాంటివి వచ్చాయి కూడా. ఆ పెద్దామె ప్రార్థనను సరిదిద్దాల్సిన అవసరం మాత్రం నాకు కనబడదు.

ఈ భాషకు జబ్బులూ ఉన్నాయి, కాదనను. ప్రతి నాలుగు మాటలకూ ఒక "తండ్రీ" పడుతుంది. "దేవునికి స్తోత్రం" అన్నది కొందరు బోధకుల నోట్లో వాక్యం చివర చుక్కలా తయారైంది. తర్వాత ఏం చెప్పాలో తోచనప్పుడు అది ఊపిరి తీసుకునే సమయం ఇస్తుంది.

దేవుణ్ణి ఏమని పిలవాలన్న దగ్గర కూడా మిషన్ల మధ్య తేడా ఉంది. ప్రొటెస్టెంట్లు ప్రభువు ప్రార్థనలో "నీ నామము పరిశుద్ధపరచబడును గాక" అంటారు. కతోలికులు "మీ నామము పూజింపబడును గాక" అంటారు. మరియమ్మతో కూడా "ఏలినవారు మీతో ఉన్నారు" అనే మాట్లాడతారు. ఒకరిది ఇంట్లో తండ్రితో ఉండే చనువు, ఇంకొకరిది పెద్దల ముందు నిలబడ్డ మర్యాద. తెలుగు భక్తి కీర్తనల్లో దేవుణ్ణి నీవు అని నిలదీయడం మామూలే కాబట్టి మొదటిది మన చెవికి ఎబ్బెట్టుగా ఉండదు. రెండోది వినగానే ఇది కతోలికుల ఇల్లు అని చెప్పేయొచ్చు.

బయటివాళ్లను తికమక పెట్టే మాటలు ఇంకొన్ని ఉన్నాయి. సమాధానం అంటే ఇక్కడ జవాబు కాదు, శాంతి. వాక్యం వ్యాకరణంలోది కాదు, బైబిలు మాట, ఒక్కోసారి ప్రసంగం మొత్తం. సాక్ష్యం కోర్టులోది కాదు, తన బతుకులో దేవుడు చేసిన మేలును నలుగురిలో చెప్పడం. "వాక్యం ఎవరు చెప్పారు?" అని ఇంటికొచ్చాక అడిగితే ఏ బోధకుడు అని అర్థం. ఇవి తెలిస్తే చర్చి పెళ్లికి వెళ్లినప్పుడు సగం టెన్షన్ తగ్గుతుంది. మిగతా సగం, ఎప్పుడు లేవాలన్నది. దానికి నా ప్రశ్నే వాడుకోండి. దేవుడితో మాట్లాడేటప్పుడు, అంటే పాటకూ ప్రార్థనకూ, చాలాచోట్ల లేస్తారు, కొన్నిచోట్ల మోకరిస్తారు. దేవుడి మాట మనుషులకు వివరించేటప్పుడు కూర్చుంటారు. కతోలిక, సీఎస్ఐ సంఘాల్లో సువార్త పఠనానికి మాత్రం అందరూ లేచి నిలబడతారు. అక్కడ మాట్లాడుతున్నది క్రీస్తే అని వాళ్ల లెక్క.

పాటల దగ్గరికొస్తే, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. పాట పైన రాగం, తాళం పేర్లు అచ్చయి ఉంటాయి. పల్లవి, అనుపల్లవి, చరణాలు. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి లాంటి కవులు వేసిన దారి ఇది. ఈ రూపంలో ఒక పెద్ద సౌకర్యం ఉంది. చదువు వచ్చిన ఒక్కడు చరణం అందుకుంటే, మిగతావాళ్లంతా పల్లవితో కలవొచ్చు. పుస్తకాలు లేకపోయినా, కరెంటు పోయినా పాట ఆగదు. దానికి పక్కనే పాశ్చాత్య రాగాలకు అతికించిన అనువాద గీతాలూ ఉన్నాయి. తెలుగులో హ్రస్వం దీర్ఘమైతే మాటే మారిపోతుంది. కలను సాగదీస్తే కాల అవుతుంది. ఆ రాగాలు ఎక్కడ సాగమంటే అక్కడ సాగాల్సి రావడంతో కొన్ని చరణాలు పుస్తకం చూస్తేగానీ అర్థం కావు. ఆర్గన్ ఉన్న పెద్ద చర్చిలో అది గంభీరంగానే ఉంటుంది. పల్లెలో హార్మోనియం మీద నీరసంగా నడుస్తుంది.

ఇప్పుడు కీబోర్డు, ప్యాడ్స్‌తో వచ్చే స్తుతి గీతాల్లో ఎక్కువగా వినబడేది "నేను", "నా". బైబిల్లోని కీర్తనల్లోనూ నేను ఉంది కాబట్టి అది తప్పు కాదు. కానీ గంటసేపు పాడినా "మేము" ఒక్కసారీ రాకపోతే, అందరూ కళ్లు మూసుకుని ఎవరి పాట వాళ్లు పాడుకుంటున్నట్టు ఉంటుంది. వెయ్యిమంది ఒకచోట చేరి వేరువేరుగా దేవుడితో మాట్లాడటం నాకైతే కాస్త వెలితిగానే తోస్తుంది. అమెరికాలోని తెలుగు సంఘాల్లో చదవడం రాని పిల్లల కోసం తెలుగు పాటను ఇంగ్లీషు లిపిలో స్క్రీన్ మీద వేస్తుంటారు. పలకడం వాళ్లు బాగానే పలుకుతారు, అర్థం మాత్రం ఇంటికెళ్లాక అమ్మను అడగాలి.

ప్రసంగం గురించి ఎక్కువ చెప్పను, అది ఎంతసేపు ఉంటుందో అందరికీ తెలుసు. ఒక్క ఫిర్యాదు మాత్రం ఉంది. "ఎంతమంది నమ్ముతున్నారు? ఆమెన్ చెప్పండి!" అని బోధకుడు అడిగి మరీ ఆమెన్ రాబట్టుకోవడం. జస్టిన్ కాలం నుంచీ ఆమెన్ జనం వంతు. ఒకరు చేసిన ప్రార్థన కింద అందరూ పెట్టే సంతకం. దాన్ని చప్పట్లలా వాడుకోవడం బాగుండదు.

బల్ల దగ్గర తెలుగు జిల్లాల్లో ఒక పాత యూరోపు తగాదా ఇప్పటికీ బతికి ఉంది. 1529లో జర్మనీలోని మార్‌బర్గ్‌లో మార్టిన్ లూథర్, స్విట్జర్లాండ్ సంస్కర్త జ్వింగ్లీ కలిసి కూర్చున్నారు. పదిహేను అంశాల్లో పద్నాలుగింటి మీద ఒప్పుకున్నారు. చివరి అంశంలో కొంత కలిసినా, అసలు ముడి వీడలేదు. "ఇది నా శరీరము" అన్న క్రీస్తు మాటను లూథర్ సుద్దముక్కతో బల్ల మీద రాసి, ఇది నిజంగా శరీరమే అని పట్టుబట్టాడు. కాదు, ఇది శరీరాన్ని సూచిస్తోంది అని అర్థం అన్నాడు జ్వింగ్లీ. విడిపోయారు. 1842లో మిషనరీ హేయర్ దొర గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టాడు. ఒంగోలు, నెల్లూరు వైపు అమెరికన్ బాప్టిస్టులు పని చేశారు. అందుకే పక్కపక్క జిల్లాల్లో, ఒక్కోసారి ఒకే ఇంట్లో, అత్తగారు రొట్టెలో క్రీస్తు నిజంగా ఉన్నాడని నమ్మి పుచ్చుకుంటుంది, కోడలు ఆయన మరణాన్ని జ్ఞాపకం చేసుకోవడానికి పుచ్చుకుంటుంది. పద్ధతిలోనూ అది కనబడుతుంది. లూథరన్, సీఎస్ఐ సంఘాల్లో లేచి బల్ల దగ్గరికి వెళ్లి మోకరించి అందుకుంటారు. బాప్టిస్టు సంఘాల్లో ఎక్కువచోట్ల కూర్చున్న దగ్గరికే పళ్లెం, చిన్న గ్లాసులు వస్తాయి. అందరికీ అందాక కలిసి పుచ్చుకుంటారు. హెబ్రోను సంప్రదాయంలో, అంటే భక్త సింగ్ సంఘాల్లో, చెప్పులు బయట విడిచి, చాపల మీద కూర్చుని, ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు.

కానుకల దగ్గర మాత్రం ఈ తేడాలన్నీ పక్కకుపోతాయి. సంచి వచ్చినా పెట్టె పెట్టినా ఫోన్‌లో స్కాన్ చేసినా, ఇది జనం దేవుడికి ఇచ్చేది. పల్లెల్లో ఇల్లాలు వంటకు ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసి, ఆదివారం తెచ్చే అలవాటు ఉంది. కోత పండుగ రోజు ఇంకా సందడి. గుమ్మడికాయ, కోడి, బియ్యం మూట, మొదటి కాపు కొబ్బరికాయలు బల్ల ముందు పెడతారు. ఆరాధన అవ్వగానే వేలం. కోడి అసలు ధరకు ఎన్నో రెట్లు పలుకుతుంది. కొన్నవాడు కొన్నిసార్లు మళ్లీ తిరిగి ఇచ్చేస్తాడు, మళ్లీ వేలం. పద్ధతి గట్టిగా పాటించే కొందరు గురువులకు చర్చి ఆవరణలో ఈ గోల నచ్చదు. నాకు మాత్రం జస్టిన్ చెప్పిన కలిగినవాళ్ల కానుక గుర్తుకొస్తుంది.

ఇక దీవెన. "ప్రభువైన యేసుక్రీస్తు కృపయు దేవుని ప్రేమయు పరిశుద్ధాత్మ సహవాసమును మీకందరికిని తోడై యుండును గాక." ఈ ఒక్క వాక్యంలో చూడాల్సింది "మీకు" అన్నది. పాస్టర్ గారు చేయి ఎత్తి "మీకు" అంటే, ఆ క్షణంలో ఆయన జనంలో ఒకడిగా కాదు, దేవుడి తరఫున మాట్లాడుతున్నాడు. పాస్టర్ గారు రాని ఆదివారాలు పల్లెల్లో ఎక్కువే. ఒక్కొక్కరి కింద ఎన్నో ఊళ్లుంటాయి. అప్పుడు ఉపదేశి (ఊళ్లో ఉండే బోధకుడు) గానీ సంఘ పెద్ద గానీ ఆరాధన నడిపిస్తారు. వాళ్లు చేయి ఎత్తరు, "మనకందరికిని తోడై యుండును గాక" అంటారు. "మీకు" కాస్తా "మనకు" అయ్యేసరికి దీవెన ప్రార్థనగా మారిపోయింది. ఈ మర్యాద పాటించే సంఘాల్లో కొత్తగా వచ్చిన కుర్రాడెవరైనా ఉత్సాహం కొద్దీ "మీకందరికిని" అనేస్తే, ముందు వరసలోని పెద్దాయన అప్పుడేం మాట్లాడడు. అందరూ వెళ్లాక పక్కకు పిలిచి చెబుతాడు.